కాకి ముట్టిన నీళ్లు

ఊళ్లో కాకులు సైతం విటమిన్ నీళ్ల సీసా మూత ముక్కుతో తిప్పి తాగే కాలమది. కుళాయి నీళ్లు గచ్చు కడగడానికే. అలాంటిది పాపయ్య పోయిన పదోరోజున పెరటి గోడమీద పెట్టిన పిండాన్నీ, పక్కనున్న సీసానీ ఒక్క కాకీ ముట్టలేదు.

"అన్నయ్యకి ఏదో కోరిక మిగిలిపోయింది. గుర్తుచేసుకో వదినా," అన్నాడు మరిది సింహాచలం.

సూరమ్మ మరిచిపోతేగా! మంచంలో ఉన్న నెల్లాళ్లూ మొగుడు అడిగింది ఒక్కటే: "ఓ గ్లాసుడు కుళాయి నీళ్లియ్యవే." వట్టి నీళ్లతో బలమేం వస్తుందని కసిరి, ఆమె విటమిన్ నీళ్లే పట్టింది.

ఇప్పుడు లేచి, పెరటి కుళాయి తిప్పి, దొప్పెడు నీళ్లు తెచ్చి గోడమీద పెట్టింది. కాకి వాలింది.

"అన్నయ్య తాగేశాడు వదినా!" అని అరిచాడు మరిది.

సూరమ్మ కాకిని చూడలేదు. "మంచానికీ కుళాయికీ నాలుగడుగులే కదయ్యా," అంటూ కూలబడింది.