శుక్రవారం ఆఫీసరుగారు

దుర్గారావుకు ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

కొత్తపేటలో ఆయనది చీరల కొట్టు. బండారులంక నేత చీరలు అమ్ముతాడు. సోమవారాలు ఉపవాసం ఉంటాడు. రంగు వెలిసే చీరను వెలుస్తుందని చెప్పే అమ్ముతాడు.

పన్ను ఫారాన్ని ఒక్క పేజీకి కుదించిన కొత్త రోజులవి. ఎవరి ఫారం వారే నింపుకోవచ్చన్నారు. దుర్గారావు సొంతంగా నింపి, సంతకం పెట్టి పంపాడు. నెల తిరక్కుండా మూడు పేజీల నోటీసు, అంతా ఇంగ్లీషులో.

"ఒక్క పేజీకి మూడు పేజీల జవాబా?" అంది భార్య కామేశ్వరి. "అంత ఏం రాసేరండి మీరు?"

"పేరూ ఊరూ, అడిగిన అంకెలూ రాసేను. అంతే."

ఆడిటరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన నోటీసును అటూ ఇటూ తిప్పాడు.

"పదేళ్ళ పుస్తకాలు పట్టుకెళ్ళండి."

"ఎందుకండి?"

"ఎందుకో వాళ్ళే చెబుతారు."

"ఫారం సులువు చేసేరన్నారు కదండి?"

"నింపడం వరకేనండి సులువు."

దుర్గారావుకు ముద్ద దిగలేదు. కొట్టు మూయించేస్తారేమోనని భయం. కామేశ్వరి పలివెల కొప్పులింగేశ్వరుడికి అభిషేకం మొక్కుకుంది.

శుక్రవారం నాడు పుస్తకాల గోనెసంచి భుజాన వేసుకుని టౌనులో ఆఫీసుకు వెళ్ళాడు. వరండాలో ఎవరూ లేరు. లోపలి గదిలో, పెద్ద కుర్చీలో, ఫ్యాను కింద తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పొట్టి మనిషి, ఒత్తు జుట్టు.

"నమస్కారమండి ఆఫీసరుగారూ."

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత దుర్గారావు మొహం చూశాడు. భయంతో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు మనిషి.

"రండి. ఆ గోతంలో ఏంటండి, కొబ్బరికాయలా?"

"పుస్తకాలండి. పదేళ్ళవి."

"అయ్యబాబోయ్. దించండి ముందు, నడుం పట్టేస్తుంది."

నోటీసు చదివాడు. బీరువా పక్కనున్న కట్ట విప్పి దుర్గారావు ఫారం వెతికి తీశాడు. చూసి నవ్వు ఆపుకున్నాడు.

"మూలల్లో ఇదేంటండి?"

"పసుపండి. కొత్త కాయితం కదాని నాలుగు మూలలా పెట్టేను."

"మరి ఈ ఎర్రది?"

"కుంకుమ బొట్టండి. కింద కాస్త ఖాళీ కనిపిస్తేనీ..."

"అది సంతకం చోటండి. బొట్టు పాకి మీ సంతకాన్ని కప్పేసింది. కనపడటం లేదని రాసేరు."

"మూడు పేజీలూ అదేనాండి?"

"కాదండి. మొదటి పేజీలో ఒక్క ముక్క అది. మిగతా రెండూ అందరికీ పంపేవే."

దుర్గారావు అప్పుడు కూర్చున్నాడు.

ఆయన కొత్త ఫారం ఇచ్చాడు. పక్కన కూర్చుని ఒక్కో గడీ తెలుగులో చెప్పి రాయించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆ పెట్టెలో వేసేసి, ఇంటికెళ్ళి భోజనం చెయ్యండి."

దుర్గారావు చెయ్యి జేబులోని కుంకుమ పొట్లం వైపు వెళ్ళింది.

"అది దేవుడికండి, ఫారానికి కాదు" అన్నాడాయన.

పది రోజుల్లో అంతా సరిపోయిందని ఉత్తరం వచ్చింది.

"అర్థమయ్యేటట్టు చెప్పే ఆఫీసరా? అలాంటాయన్ని ఊరికే వదలకూడదండి" అన్నాడు పక్క కొట్టు అంజిబాబు.

శాలువా, అరటిగెల, ఫొటోగ్రాఫరుతో సహా ఇద్దరూ వెళ్ళారు. పెద్ద కుర్చీలో మరొకాయన ఉన్నాడు.

"మీరు కాదండి" అన్నాడు దుర్గారావు నొచ్చుకుంటూ. "రెండు వారాల కిందట శుక్రవారం ఇదే కుర్చీలో కూర్చున్న ఆఫీసరుగారండి. ఆయన కూర్చుంటే కుర్చీకే నిండుదనం వచ్చిందండి."

"ఆ శుక్రవారం మేమంతా మీటింగుకి వెళ్ళేం. ఈ గదికి తాళం."

ఆఫీసరు మొహం ఎర్రబడింది.

"నా కుర్చీలో ఎవడో కూర్చున్నాడన్నమాట. వాడెవడో ఇప్పుడే తేలుస్తాను. ఉద్యోగం ఊడాల్సిందే."

బెల్లు కొట్టాడు. ఖాకీ బట్టల అటెండరు మంచినీళ్ళు తెచ్చాడు. ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి.

"మత్తయీ, నువ్వలా నిలబడు. తాళం సంగతి నిన్ను తర్వాత అడుగుతాను. మీరు చెప్పండి, మనిషి ఎలా ఉన్నాడు?"

దుర్గారావు మత్తయి మొహం చూశాడు.

"పొడుగండి. బాగా పొడుగు. బట్టతలండి."

"అదేంటండి, పొట్టిగా, ఒత్తు జుట్టన్నారు కదా?" అన్నాడు అంజిబాబు.

దుర్గారావు ఆయన కాలు తొక్కాడు. "అది మా బావగారండి. ఈయన కారులో వచ్చేరు. హైదరాబాదు నంబరు."

ఆఫీసరు నిటారుగా కూర్చున్నాడు.

"పైనుంచి తనిఖీయా? మత్తయీ, మరి నాకు చెప్పలేదేం?"

"ఎవరికీ చెప్పొద్దన్నారండి" అన్నాడు మత్తయి నేల చూస్తూ.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "నా గురించి ఏమైనా అడిగేరా?"

"జనానికి అర్థమయ్యేటట్టు చెబుతారా అని అడిగేరండి" అన్నాడు దుర్గారావు.

"మీరేమన్నారు?"

"చెబుతారనే అన్నానండి."

ఆఫీసరు లేచి అందరికీ కుర్చీలు వేయించాడు. ఎవరి ఫారంలో ఏ అనుమానమున్నా తిన్నగా తన దగ్గరికే రమ్మన్నాడు. శాలువా ఆయన భుజాల మీదే పడింది. ఫొటో తీశారు.

అందరూ బయటికి నడిచాక దుర్గారావు గుమ్మం దగ్గర ఆగి, మత్తయి ట్రేలోంచి గ్లాసు అందుకుంటూ, ఆయనకు మాత్రమే వినపడేటట్టు, "శాలువా మీకోసం తెచ్చిందండి, ఆఫీసరుగారూ" అన్నాడు.