మోగితే చాలు

పట్టుపోగు సన్నగా జారుతోంది. నాజియా ఒక చేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

పక్కన చాపమీద ఫోను కీచుమంది.

ఓరకంట చూసింది. మళ్లీ రీఛార్జి పడింది. ఈ నెల కూడా తను వేయించకముందే.

"మళ్లా ఏసినాడా వాడు?" వంటింట్లోంచి మున్నీబీ అడిగింది.

"ఆఁ. చిన్నదే. ఇన్‌కమింగు ఇంకో నెల వచ్చేంత."

"తీసి పారెయ్ ఆ సిమ్ము. సందులో తెలిస్తే ఏమనుకుంటారు?"

"పారేస్తే షావుకారు నన్నెట్ల పిలుస్తాడమ్మా?"

ధర్మవరంలో షావుకార్లు పట్టు వచ్చిందని ఇప్పుడు ఫోన్లోనే చెబుతున్నారు. ఫోను లేని ఇంటికి కండెల పని రాదు. అందుకే నాజియా కిందటేడు ఒక పాత ఫోను కొనుక్కుంది. తను ఎవరికీ ఫోను చేసేదేమీ ఉండదు, పిలిస్తే ఎత్తడమే. సిమ్ములమ్మే తౌఫీక్ అంగట్లో ప్లాన్లన్నీ అడిగి అడిగి, అన్నిటికంటే చిన్నది ఎంచుకుంది.

"ఇది కొత్త నంబరు కాదక్కా," అన్నాడు తౌఫీక్ సిమ్ము ఇస్తూ. "ఎవరో వాడి ఇడిసిపెట్టింది. రీఛార్జి లేక ఆగిపోతే కంపెనీవాళ్లు మళ్లా అమ్ముతాండారు. నువ్వూ నెలనెలా ఏదో ఒకటి ఏయించకుంటే ఇంకొకరికి పోతాది."

కొన్నాళ్లకే మొదలైంది. దీపాలు పెట్టేవేళ ఫోను మోగేది, అందుకునేలోపు ఆగిపోయేది. ఆ నంబరుకు తిరిగి చేస్తే అవతల మోగుతూనే ఉండేది, ఎవరూ ఎత్తేవారు కాదు. తర్వాత ఈ రీఛార్జీలు.

ఎవరై ఉంటారు? రాట్నం తిప్పినంతసేపూ నాజియాకు అదే ఆలోచన.

ఆ సాయంత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోగీ మోగగానే ఎత్తింది.

"ఎవరప్పా నువ్వు? మా ఫోన్‌కి రీఛార్జి ఎందుకేస్తాండావు?"

అవతల ఊపిరి చప్పుడు. ఆ తర్వాత ఒక ముసలి గొంతు.

"ఎత్తద్దమ్మా. మోగితే చాలు."

మున్నీబీ ఫోను లాక్కుంది.

"మొగోడివైతే ఇంటికొచ్చి చెప్పు ఆ మాట. పీర్లచావిడి పక్కసందు. మున్నీబీ ఇల్లు యాడంటే ఎవరైనా చూపిస్తారు."

ఆమె బెదిరించడానికే అంది. మర్నాడు పొద్దున్నే అతను నిజంగానే వచ్చాడు.

పంచె, భుజాన తువ్వాలు, చేతిలో సంచి. చెప్పులు బయటే విడిచి గడప లోపల నిలబడ్డాడు.

"మారప్ప అంటారమ్మా నన్ను. మాది బత్తలపల్లి. చెనక్కాయలు తెచ్చినా, చేన్లోవే."

"చెనక్కాయలకు పడిపోతామనుకుంటివా?" అంది మున్నీబీ. "పెండ్లి కాని పిల్లకి ఫోన్లు చేస్తాండావే, నీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

"లేరమ్మా. మా ఇంటామె అక్కమ్మ పోయి రెండేండ్లు దాటె."

"అందుకా మా పిల్ల ఎంట పడినావు?"

మారప్ప తల వంచుకున్నాడు.

"ఉండమ్మా, అడగనీ," అంది నాజియా. "పెద్దాయనా, మా నంబరు ఆగిపోతే నీకేం?"

"ఆగిపోకూడదమ్మా. చిన్న ప్లానే చాలు, ఏయించుకుంటా ఉండు. మరిచిపోతే నేనేస్తా."

"అదే, ఎందుకని?"

అతను తువ్వాలు కొస వేలికి చుట్టుకున్నాడు.

"అసలు ఈయనేనా, ఇంకెవరైనా పంపినారా? నొక్కి చూడు," అంది మున్నీబీ.

నాజియా రోజూ వచ్చే నంబరు నొక్కింది. మారప్ప జేబులో మోగింది. అతను ఫోను తీసి చూసుకున్నాడు. ఎత్తలేదు. ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు నిలబడ్డాడు. పెదవి చివర నవ్వులాంటిది కదిలింది.

మున్నీబీ అది చూసింది.

"నవ్వుతాండావా నా ఇంట్లో నిలబడి?"

కూతురి చేతిలో ఫోను గుంజుకుని, బ్యాటరీ పీకి, సిమ్ము బయటికి లాగింది. పోగులు కత్తిరించే కత్తెరతో దాన్ని రెండు ముక్కలు చేసింది.

"అమ్మా!"

"ఇంకోటి కొనుక్కో. ఈ నంబరు మనకొద్దు."

మారప్ప చేతిలో మోత అప్పటికే ఆగిపోయింది. అతను నేలమీది ముక్కల్ని చూశాడు. తర్వాత తన ఫోను నాజియా చేతికిచ్చాడు.

"చూడమ్మా. ఇంక మోగదా?"

నాజియా చూసింది. తను ఇప్పుడే చేసిన కాల్ తెరమీద మిస్డ్ కాల్‌గా నిలిచి ఉంది. తన నంబరు ఉండాల్సినచోట ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ "అక్కమ్మ" అని ఆమె పైకి చదివేసరికి, మారప్ప ఆ ఫోను ఆమె చేతిలోనే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, గడప దాటాడు.