పొయ్యి వైపు చోటు

"పాత నేల పీకించేస్తున్నాం కదమ్మా, ఈ కార్కు నేల నచ్చిందో లేదో కూర్చుని చూడు," అంది హ్యోరిమ్.

కొరియాలోని జొంజు ఊళ్లో నేలపలకల దుకాణం అది. తల్లి ఓక్‌బున్ చెప్పులు విడిచి, అలవాటుగా తలుపు పక్కనే ముడుచుకు కూర్చుంది.

"మధ్యలోకి రా! ఇంట్లోనూ అంతే, చల్లటి తలుపు మూలే నీది. నాన్న పోయి ఏడాదైనా, నేల కింది నుంచి పొయ్యి సెగ తగిలే ఆయన చోటు ఖాళీగానే ఉంచావు."

"నాకు వేడి పడదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

దుకాణదారు నవ్వాడు. "కార్కు చెట్టు బెరడే కదా, మెత్తగా ఉంటుంది మామ్మగారూ, జారిపడ్డా దెబ్బ గట్టిగా తగలదు. వేడెక్కడం కాస్త ఆలస్యం, అంతే. ఇక్కడున్నట్టే మీ ఇంట్లోనూ నేల కింద వేడినీళ్ల గొట్టాలు గదంతా ఉంటాయి. తలుపు దగ్గరైనా, గోడ దగ్గరైనా ఒకటే వెచ్చదనం."

ఓక్‌బున్ నేలమీద అరచెయ్యి ఆనించింది. మళ్లీ తియ్యలేదు. మెల్లగా పక్కకి ఒరిగి, చెంప కూడా ఆనించింది.

"లే అమ్మా, అందరూ చూస్తున్నారు!"

"చూడనీవే," అంది ఓక్‌బున్, కళ్లు తెరవకుండానే. "మీ నాన్న చోటు ఇంత వెచ్చగా ఉండేదా?"