రేడియోగారి వయొలిన్

“అయ్యయ్యో, అటు కాదు మామ్మగారూ! పట్టుకోవడం కూడా రాదా మీకు?”

రేడియోగారమ్మాయికి నవ్వాగలేదు.

గుమ్మంలో నిలబడ్డ ముసలావిడ వయొలిన్‌ని కుడి భుజానికి ఆనించి, కమాను ఎడంచేత్తో పుచ్చుకుంది. అద్దంలో బొమ్మలా అంతా తిరగేసి.

ఎవరో ఏమిటో తెలీదు. రేడియోగారి వయొలిన్‌ని రేడియో స్టేషన్ హాల్లో అద్దాల పెట్టెలో పెడతారని విని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట. ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తానంది.

పోనీలే పెద్దావిడ అని ఇస్తే ఇదీ వరస.

“మా నాన్నగారు ఎలా పట్టుకునేవారో చూడండి,” అంటూ గోడ మీది ఫోటో చూపించింది అమ్మాయి. ఎడమ భుజం మీద వయొలిన్, కుడిచేతిలో కమాను, మొహం నిండా దర్జా.

ముసలావిడ ఫోటోకేసి చాలాసేపు చూసింది.

“ఫోటోకి బాగానే నిలబడ్డారు,” అంది.

తల తిప్పినప్పుడు ఆవిడ కుడి దవడ కింద నల్లగా కాయ కాచిన మచ్చ కనిపించింది. అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది.

“అదేమిటండీ? అంటుకునేది కాదు కదా?”

“అంటుకోదమ్మా. అంటుకునేదే అయితే మీ నాన్నగారికి ఎప్పుడో అంటాలి.”

అమ్మాయి మొహం కందగడ్డయింది. పోయిన మనిషి మీద ఎంత మాట! వయొలిన్ లాక్కుని, ఆవిడ గడ్డం తగిలిన చెక్కని గుడ్డతో రెండుసార్లు తుడిచి, పెట్టెలో పెట్టేసింది.

“ఇంక దయచేయండి.”

ముసలావిడ మెట్లు దిగుతూ ఆగింది.

“తెగిన తీగ అలాగే ఉంది. మార్పించనే లేదన్నమాట మీ నాన్నగారు.”

“మా నాన్న చేతిలో తెగిన తీగ! మార్చడమేమిటి?” అని తలుపు వేసేసింది.

రేడియోగారంటే రేడియో స్టేషన్‌లో పాటలు రికార్డు చేసే ఉద్యోగి. రికార్డింగ్ గదిలో మీట నొక్కేదీ ఆయనే, వయొలిన్ వాయించేదీ ఆయనే. రెండూ ఒక్క మనిషికి ఎలా కుదిరాయని ఎవరైనా అడిగితే, “కాలితో నొక్కి, చేత్తో వాయిస్తా”ననేవాడు. మరి ఇంట్లో వాయించవేం నాన్నా అని కూతురడిగితే, “సింహం గుహలో గర్జించదమ్మా, పిల్లలు ఝడుసుకుంటారు,” అనేవాడు.

ఒకనాడు ఆ వయొలిన్ ఇంటికి తెచ్చాడు. మా తాత సొత్తు, ఇన్నాళ్ళూ స్టేషన్‌లో దాచానన్నాడు. ఓడ మునిగితే తాత దాని మీద పడుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడట. ఆ రోజు నుంచీ రేడియోలో పాతవి తిప్పితిప్పి వెయ్యడమే గాని కొత్త పాటన్నది లేదు.

కొత్తవి వాయించవేం అని కూతురడిగితే, “సముద్రాన్ని సీసాకెత్తాక ఇంక బిందెతో పనేమిటమ్మా?” అన్నాడు.

కూతురు నమ్మింది. ఆ మాటకొస్తే ఊరంతా నమ్మింది. స్టేషన్‌కి కొత్తగా వచ్చిన ఆఫీసరొక్కడే, “ఆయన వాయిస్తుండగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరేమిటండీ?” అన్నాడు.

ఆ నోరు మూయించేలా, ఇది నాన్న వాయించిందేనని రాయించుకు రావాలని, ముసలావిడ వచ్చివెళ్ళిన మర్నాడు అమ్మాయి వయొలిన్ పట్టుకుని వాయిద్యాలు బాగుచేసే మేస్త్రీ కొట్టుకి వెళ్ళింది.

మేస్త్రీ దాన్ని దీపం కింద పెట్టి, సన్నటి అద్దంతో లోపలంతా చూశాడు. తీగల కింది నల్ల చెక్కని బొటనవేలితో నిమిరాడు.

“వస్తువు మంచిది తల్లీ. వాయించిన చెయ్యి అంతకన్నా మంచిది. వేళ్ళు నడిచి నడిచి చెక్క మీద బాట పడిపోయింది చూడు.”

“నేను చెప్పలే? మా నాన్న వేళ్ళండీ అవి!”

“మీ నాన్నగారిది ఎడంచేతి వాటమా?”

“కాదే. తినడం, రాయడం అంతా కుడిచేత్తోనే.”

మేస్త్రీ దీపం కాస్త వెనక్కి జరిపాడు.

“ఇది పుట్టడమే ఎడంచేతి వాటం మనిషికోసం పుట్టింది. తీగలే కాదు, లోపలి కర్రలు కూడా అటువి ఇటున్నాయి. కుడి భుజం మీద పెట్టుకుని, కమాను ఎడంచేత్తో లాగాలి.”

“మా నాన్న ఎలాగైనా వాయించగలరు,” అంది అమ్మాయి.

“వాయించారనే అనుకుందాం. ఇంతగా వాయిస్తే దవడ కింద నల్లగా కాయ కాస్తుంది, ఎవరికైనా సరే. ఆయనకి ఏ వైపుండేది? చెప్పు, ఆయనదేనని రాసిచ్చేస్తాను.”

మంచాన పడ్డాక నాన్నకి గడ్డం గీసింది తనే. సబ్బు నురగ కింద ఆ దవడలు ఎలా ఉండేవో ఆమె వేళ్ళకి తెలుసు. ఇటూ నునుపే. అటూ నునుపే.

“తీగ తెగితే, మార్పించుకొస్తానని ఎవరో తీసుకెళ్ళి మరిచిపోయినట్టున్నారు,” అన్నాడు మేస్త్రీ, తుప్పు దులుపుతూ.

అమ్మాయి వీధిలోకి పరుగెత్తింది. వచ్చేపోయే జనం. ఎవరినని అడుగుతుంది? ఆవిడ పేరైనా కనుక్కోలేదు.

కొట్లో రేడియో మోగుతోంది. అద్దాల పెట్టె పండగ దగ్గర పడిందిగా, నాన్న పేరు చెప్పి మరీ పాట వేశారు.

చిన్నప్పుడు నాన్న వాయిస్తున్నాడని రేడియోకి చెంప ఆనించి విన్న ఆ పాట, నిన్న తను గడ్డం చెక్క తుడిచి మరీ గుమ్మం దింపిన ఆవిడది.