ఫెస్టస్ పట్టని కవ్వం

డీలియా మధ్యాహ్నం నుంచి చిలుకుతూనే ఉంది, వెన్న పడటం లేదు. పడకపోతే వారం రోజుల మీగడంతా పందులకు పోయాల్సిందే. నాక్‌బ్రాక్ ఊళ్లో తాతల నాటి కట్టడి ఒకటుంది. చిలికే ఇంటికి ఎవరొచ్చినా కాసేపు కవ్వం పట్టాలి. పట్టకుండా వెళితే వెన్న వాళ్ల వెంటే పోతుంది.

మునిమాపు వేళ తలుపు కిర్రుమంది. పక్కింటి ఫెస్టస్ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. బయట జోరువాన కురుస్తున్నా అతని బూట్లు పొడిగా ఉన్నాయి. అతన్ని పాతిపెట్టింది మొన్న ఆదివారమే.

అయినా డీలియా చెయ్యి ఆగలేదు.

"బతికినన్నాళ్లూ ఒళ్లు వంచలేదు బాబాయ్. ఇప్పుడన్నా కాస్త చిలుకు" అంది.

"నడుం ఇంకా నయం కాలేదమ్మాయ్" అంటూ ఫెస్టస్ మెల్లగా జారుకున్నాడు.

మరుక్షణం కవ్వం కింద చప్పుడు ఉత్త నీళ్లను చిలికినట్టు మారింది. డీలియా కవ్వం పైకి లాగి, లాంతరు అందుకుని, గడప దాటి శ్మశానం దారి పట్టింది.