మెత్తటి నీళ్ళు

"మళ్ళీ తెల్లబడ్డాయి," అన్నాడు దుర్గాశంకర్, గాజుతొట్టికి ముక్కు ఆనించి.

తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టిన పలక మీద, నిన్నటిదాకా గాజుపూసల్లా మెరిసిన ఏంజెల్ చేప గుడ్లు ఇవాళ పాలిపోయి ఉన్నాయి. తెల్లబడ్డ గుడ్డు ఇక పిల్ల కాదు. ఇలా కావడం ఇది నాలుగోసారి.

అతని భార్య మాధురి చేపల వంక చూడనైనా లేదు. వసారాలో మామగారి ముందు కూర్చుని ఆయన పాదాన్ని బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు.

"మావయ్యగారూ, నిజం చెప్పండి. మళ్ళీ ఆవకాయ ముట్టుకున్నారా?"

"లేదమ్మా. ఒట్టు."

సాంబమూర్తి ముప్పై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. ఆవకాయ లేనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. నిరుడు బీపీ, కాళ్ళవాపు వచ్చినప్పుడు డాక్టరు ఉప్పు మాన్పించాడు. మాధురి విడిగా చప్పిడి వంట మొదలుపెట్టింది, వాపూ దిగింది. ఈ వేసవిలో మళ్ళీ మొదలైంది. తండ్రి లేని పిల్లగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు "నేను లేనా?" అన్న మనిషి ఆయన. ఎలాగైనా ఆయన్ని బతికించుకోవాలని మాధురి పంతం.

గుణదలలో వాళ్ళ బోరునీళ్ళు ఉత్త సున్నం. బకెట్లు తెల్లగా అట్టలు కట్టేవి. తాగడానికి వీధి చివరి మునిసిపల్ కుళాయి దగ్గర బిందెతో నిలబడాల్సిందే. నీళ్ళు సున్నం లేకుండా మెత్తగా ఉంటేనే ఏంజెల్ గుడ్లు పిల్లలవుతాయని ఎవరో చెప్పారు. అంతే, ఈ ఏడు, 2003 ఉగాదికి దుర్గాశంకర్ ఇంటి మొత్తానికీ నీళ్ళు మెత్తబరిచే మిషన్ బిగించేశాడు. తన షాపుకొచ్చిన పెళ్ళివారికైనా నాలుగు చీరలు విప్పి చూపడానికి విసుక్కునే మనిషి, రోజూ సీసాలో చుక్క చుక్కా మందు వేసి నీళ్ళు పరీక్షించేవాడు. మొదటి చుక్కకే ఎరుపు నీలమయ్యేది. మెత్తటి నీళ్ళే, సందేహం లేదు. చేపల పుణ్యమా అని ఇంటిల్లిపాదీ సుఖపడ్డారు. సబ్బు నురగ కట్టింది, పప్పు ఇట్టే ఉడికింది, తాగడానికీ ఆ నీళ్ళే కావడంతో మాధురికి బిందెల చాకిరీ తప్పింది.

మిషన్‌ని మాత్రం పదిహేను రోజులకోసారి రాళ్ళుప్పు పోసి కడగాలి. కడిగిన ఉప్పునీరంతా మోరీలోకి పోతుందని బిగించినవాళ్ళు చెప్పారు. మాధురి ఆ ఉప్పు మూటని కూడా ఆవకాయ జాడీతో పాటు గదిలో పెట్టి తాళం వేసింది.

అయినా వాపు తగ్గలేదు. ఆడపడుచు చౌడేశ్వరి వచ్చి తండ్రిని కొండపల్లి తీసుకెళ్ళింది. నెల తిరిగేసరికి ఆయన కాళ్ళు మళ్ళీ చెప్పుల్లో పట్టాయి.

"నా దగ్గరున్నన్నాళ్ళూ నాన్న బాగానే ఉన్నాడు. మీ ఇంట్లోనే ఏదో జరుగుతోంది వదినా," అంది తిరిగి దిగబెడుతూ.

మాధురికి ఏడుపొచ్చింది. పదిరోజుల్లో వాపు మోకాళ్ళు దాటింది.

డాక్టరు ఒక రోజంతా మూత్రం పట్టించి పరీక్ష చేయించాడు. "ఈయన ఉప్పు మానలేదమ్మా. ఒంట్లోకి బోలెడు పోతోంది," అన్నాడు.

ఇంటికొస్తూనే మాధురి మామగారి దిండు కింద, పంచెల మడతల్లో, మందుల డబ్బాలో వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది.

"ఎక్కడ దాస్తున్నారు? అందరిలో నా పరువు తియ్యడానికా?"

"నేను తినలేదు తల్లీ. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టేసి అబద్ధమాడకండి!"

ఆమె కాచి తెచ్చిన బార్లీ చెంబు ఆయన అందుకుని అడుగుదాకా తాగాడు. బార్లీ నీళ్ళు వాపుని లాగేస్తాయని పక్కింటి సంపూర్ణమ్మ చెప్పింది. రోజుకో చెంబు చాలడం లేదని మాధురి మూడు చేసింది.

దసరా వెళ్ళిన వారానికి, ఊపిరాడక, సాంబమూర్తి పోయాడు. నోట మాట రాని ఆ చివరి గంటలో కూడా కోడలి చెయ్యి పట్టుకుని, తినలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నాలిక చంపుకోలేకపోయాడు పాపం," అన్నారు వచ్చినవాళ్ళంతా. మాధురి కూడా అదే నమ్మింది. అంత ప్రేమగా చూసుకున్నా తనని మోసం చేశాడే అని కుమిలిపోయింది.

పెద్దకర్మ అయిన నాలుగు రోజులకి కృపానందం వచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో నీళ్ళు పరీక్షించే పని చేసి రిటైరైన మనిషి. గుడ్ల సంగతి చూడమని దుర్గాశంకర్ ఎప్పుడో కబురు పెట్టాడు. ఆయన జేబులోంచి, నీళ్ళలో కరిగినదెంతో చూపే చిన్న మీటరు తీసి ముందు బోరునీళ్ళలో, తర్వాత వంటింటి కుళాయి నీళ్ళలో ముంచాడు.

"రెండిట్లోనూ దాదాపు ఒకటే అంకె, చూశారా? ఇవి చేపలకి పనికిరావండీ. మీ మిషన్ సున్నం తీసి ఊరుకోదు. తీసినదాని బదులు ఇంకోటి, నాలిక్కి తెలియకుండా, నీళ్ళలో కలుపుతుంది."

కాఫీ గ్లాసు అందించబోతున్న మాధురి చెయ్యి ఆగింది.

"ఏం కలుపుతుందండీ?"

"ఉప్పేనమ్మా."