ఆగమనానికి వచ్చిన మనిషి

కొత్త ఉపదేశిని చూసిన సాయంత్రమే పాపయ్య మనసులో అనుమానం పడింది.

నేరేడుచర్ల పక్కనున్న ఆ క్రైస్తవుల వాడకు రెండేళ్లుగా బోధకుడన్నవాడు రాలేదు. మొదట రజాకార్ల భయం. పోలీసు యాక్షన్ అయిన తర్వాత మిలిటరీ భయం. దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ల కోసం చేను చేనూ గాలిస్తున్న రోజులవి. అలాంటప్పుడు, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన ఆదివారాలు జరిపిస్తానంటూ కోదాడ వైపు నుంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. పేరు దేవసహాయం అన్నాడు. చంకలో బైబిలు, భుజాన దుప్పటి, అంతే.

పాపయ్య ఆ వాడలోని మందిరానికి పెద్ద. తాళంచెవి అతని మొలతాటికే ఉంటుంది. తలుపు తీసిస్తూ ఉపదేశి చేతులు చూశాడు. అరచేతుల నిండా కాయలు. పుస్తకం పట్టుకుని బతికేవాడికి అన్ని కాయలెందుకు? పైగా ఎక్కడ కూర్చున్నా వాకిలి వైపే ముఖం పెట్టి కూర్చుంటున్నాడు.

మొదటి ఆదివారం మందిరం నిండిపోయింది.

"ఆగమనం అంటే పండగ ఎప్పుడొస్తుందా అని కూర్చోవడం కాదు" అన్నాడు దేవసహాయం. "వచ్చేవాడు ఒక్కడే. కానీ కొడుకు ఇంటికొస్తాడని తల్లి చూసే చూపు వేరు. సొమ్ము కాజేసిన పాలేరు యజమాని కోసం చూసే చూపు వేరు. మనది ఏ చూపో ఎవరికి వాళ్లం తేల్చుకోవాలి. అందుకే ఈ నాలుగు వారాలు."

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లు తన మీదే ఆగాయనిపించింది పాపయ్యకు.

జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మల్సూర్. సంగంలో తిరిగేవాడు. దసరా ముందు మనిషెత్తు జొన్నచేలో దాక్కుని ఉంటే, మిలిటరీవాళ్లు దారి తప్పకుండా నేరుగా అక్కడికే వచ్చి పట్టుకుపోయారు. ఎవరో చెప్పకపోతే దొరికేవాడు కాదని వాడంతా గుసగుసలాడింది. ఏ జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో ఇప్పటికీ తెలియదు.

ఆరాధన ముగిశాక ఉపదేశి ఆమె పక్కన చతికిలబడి అన్నీ అడిగాడు. ఎప్పుడు పట్టుకున్నారు, ఏ చేలో, అప్పుడు దగ్గర ఎవరున్నారు. పాపయ్య తలుపు దగ్గర తాళం సవరిస్తున్నట్టు నిలబడి చెవులు రిక్కించాడు.

పొద్దు గూకకముందే పాపయ్య ఇంటింటికీ తిరిగి జాగ్రత్త చెప్పాడు. జానమ్మ దగ్గర మాత్రం కాసేపు కూర్చున్నాడు.

"వదినా, జర నోరు కట్టుకో. గాయన ఉపదేశి కాదు. పోలీసోళ్లు తోలిన మనిషి. మిగిలిన పోరగాండ్ల జాడ తీస్తుండు."

"నా కొడుకు కోసం ప్రార్థన చేసెటందుకు అడిగిండు పాపయ్యా."

"ప్రార్థన చేసెటందుకు ఏ చేనో ఎందుకు?"

జానమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

రెండో ఆదివారానికి మందిరం సగం ఖాళీ అయింది. ఉపదేశికి అన్నం పంపడం మానేశారు. పిల్లల్ని అటు పోనివ్వలేదు. దేవసహాయం సున్నం తెచ్చి కలిపి, మందిరం గోడలకు తనే కొట్టాడు. ఊడిపోయిన తలుపు రెక్క బిగించాడు. జానమ్మ ఒక్కతే పూటపూటా ఇంత జొన్న గటక తీసుకెళ్లి పెట్టేది. కాయలు ఇట్లాంటి పనులకే కాసుంటాయని పాపయ్య పెళ్లాం ఉప్పలమ్మ అంటే, అతను ఆమెను కసిరి లేచిపోయాడు.

మూడో ఆదివారం జానమ్మా, ఇద్దరు ముసలివాళ్లూ తప్ప ఎవరూ రాలేదు. ఆ మధ్యాహ్నం దేవసహాయం తనే పాపయ్య వాకిట్లోకి వచ్చాడు.

"నేను వచ్చిన కొత్తలో అందరూ మల్సూర్ గురించి చెప్పారు పాపయ్యగారూ. మీరొక్కరే ఆ ఊసెత్తలేదు."

పాపయ్య తనకేమీ ఎరుక లేదన్నాడు.

"తెలుసని కాదు. ఎల్లుండి జానమ్మగారిని వెంటబెట్టుకుని మిర్యాలగూడ వెళ్తున్నాను. పిల్లవాడు ఏమయ్యాడో అడుగుదాం. వాడకు పెద్దమనిషి, మీరు కూడా వస్తే మాటకు బలం ఉంటుంది."

చూద్దామని చెప్పి పంపించాడు పాపయ్య. ఈ మనిషి పోలీసుల వాడైతే ఒక తీరు, కాకపోతే ఇంకో తీరు. ఏదో ఒకటి తేలేదాకా ఆ ముఖం ఎదురుగా నిలబడటం తన వల్ల కాదు.

మర్నాడు చుట్టాలింటికి పోతున్నానని ఉప్పలమ్మకు చెప్పి, ఒక్కడే మిర్యాలగూడ దారి పట్టాడు. దారిలో ఎవరు ఎదురైనా రుమాలు ముఖం మీదికి లాక్కున్నాడు. పొద్దు వాలే వేళకు ఠాణా చేరాడు. కావలి జవాను అతణ్ణి ఆపలేదు. లోపల ఠాణా పెద్ద అమీను కాగితాలు పక్కకు జరిపి, తలుపు వేసి రమ్మన్నాడు.

పాపయ్య చేతులు కట్టుకుని, వాడకు వచ్చిన కొత్త మనిషి గురించి మొదటినుంచీ చెప్పాడు. కాయలు కాసిన చేతులు, వాకిలి వైపు కూర్చోవడం, చేను గురించి అడగడం, అన్నీ చెప్పాడు. చివరికి నోరు పెగల్చుకుని అడిగాడు.

"నిజం చెప్పు దొరా, గా ఉపదేశి మీరు తోలిన మనిషేనా?"

అమీను అతన్ని ఎగాదిగా చూసి నవ్వాడు.

"మల్సూర్ దాక్కున్న చేను చూపెట్టిన నువ్వు ఉండంగ, గా వాడకు ఇంకో మనిషిని మేమెందుకు తోలుతం పాపయ్యా?"